గేమ్ ఆఫ్ థ్రోన్స్ మళ్ళీ మొదటి నుంచి చూశాక

ఇన్నేళ్ళయినా హెచ్‌బీఓ ఛానల్ వాళ్ళ ఫాంటసీ సిరీస్ గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్, అంటే ఎనిమిదో సీజన్ మాట ఎవరైనా ఎత్తితే నాకు కోపం వస్తుంది. ఈమధ్య మా మేనల్లుడు మొదటిసారి చూస్తానంటే వాడితో పాటు కూర్చుని మొదటి ఎపిసోడ్ నుంచి చివరిదాకా మళ్ళీ చూశాను. కోపం అలాగే ఉంది. కాకపోతే అది దేని మీదో ఈసారి నాకు బాగా అర్థమైంది. కథ అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. ముగింపు మాత్రం దాచకుండా రాస్తున్నాను, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

నేను ఈ సిరీస్‌కి పడిపోయింది అందులో దూరానికి ఇచ్చిన విలువ చూసి. మొదటి ఎపిసోడ్‌లో రాబర్ట్ రాజు ఉత్తరాన నెడ్ స్టార్క్ కోట వింటర్‌ఫెల్‌కి వచ్చేసరికి నెల రోజులు ప్రయాణం చేసి ఉంటాడు. ఆ మాట రాణి సెర్సీ విసుగ్గా అంటుంది కూడా. తర్వాత దారిలో ఒక పూటకూళ్ళ ఇంట్లో నెడ్ భార్య కేట్లిన్, రాణి తమ్ముడు టిరియన్‌ని పట్టుకుంటుంది. ఆ కబురు రాజధానికి చేరాక టిరియన్ అన్న జేమీ నడివీధిలో నెడ్ మీద పడతాడు. అటు టిరియన్ తండ్రి ఊళ్ళు తగలబెట్టించడం మొదలుపెడతాడు. ఎక్కడో ఒకరు తొందరపడి చేసిన పని ఇంకెక్కడో ఇంకొకరి ప్రాణం మీదికి వస్తుంది. అలా రావడానికి టైం పడుతుంది, ఆ టైంలో మనకి టెన్షన్ పెరుగుతుంది. నెడ్ తల తెగినప్పుడు అంత దెబ్బ తగిలింది అందుకే. వెనక్కి వెళ్ళి చూస్తే ప్రతి అడుగూ కనిపిస్తుంది.

ఏడో సీజన్లో ఇది పోయింది. ఆరో ఎపిసోడ్‌లో నెడ్ ఇంట్లో పెరిగిన జాన్ స్నో బృందం ఉత్తర సరిహద్దులోని పెద్ద మంచుగోడ అవతల గడ్డకట్టిన చెరువు మధ్యలో ఇరుక్కుంటుంది. వాళ్ళలో గెండ్రీ పరుగెత్తుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళాలి, అక్కడి నుంచి కబురు మోసే కాకి డ్రాగన్‌స్టోన్ దీవికి ఎగరాలి, సింహాసనం తనదంటున్న డెనేరిస్ తన డ్రాగన్లతో అంత దూరమూ ఉత్తరానికి రావాలి. ఇదంతా వాళ్ళు మంచులో ఒక రాత్రి గడిపేలోపు జరిగినట్టే ఉంటుంది. ఆ వారం నేను దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. డ్రాగన్ కూలిపోయిన సీనే మనసులో ఉండిపోయింది. ఇప్పుడు వరసగా చూస్తుంటే అసలు పగులు అక్కడే కనిపించింది.

ఎపిసోడ్ల లెక్క చూడండి. మొదటి ఆరు సీజన్లకీ తలా పది. ఏడో దానికి ఏడు, ఎనిమిదో దానికి ఆరు. డబ్బు లేక కాదు. హెచ్‌బీఓ ఇంకా తీయడానికి సిద్ధంగానే ఉంది, సిరీస్‌ని నడిపిన బెనియాఫ్, వైస్ ఇద్దరూ ఇంతటితో చాలనుకున్నారు. నాకున్న కోపంలో పెద్ద భాగం ఈ నిర్ణయం మీదే. 2017 ఆగస్టు నుంచి 2019 ఏప్రిల్ దాకా మమ్మల్ని ఎదురుచూడనిచ్చి, చేతిలో పెట్టింది ఆరు ఎపిసోడ్లు.

అప్పట్లో మాకు సోమవారం పొద్దున ఆరున్నరకి వచ్చేది, అమెరికాలో ఆదివారం రాత్రి వేసే టైంకే. ఆఫీసుకెళ్ళేలోపు చూడకపోతే లిఫ్ట్‌లోనే ఎవరో ఒకరు కథ చెప్పేసేవాళ్ళు. ఎనిమిదో సీజన్ మూడో ఎపిసోడ్, గోడ అవతల నుంచి వచ్చిన చచ్చి లేచినవాళ్ళ సైన్యంతో యుద్ధం. 55 రాత్రులు షూటింగ్ చేశారని ముందే ఊదరగొట్టారు. మేం కర్టెన్లన్నీ వేసి, బ్రైట్‌నెస్ చివరిదాకా పెంచినా తెర మీద ఎవరు ఎవర్ని పొడుస్తున్నారో తెలియలేదు. తర్వాత ఛాయాగ్రాహకుడు తప్పుని చూసేవాళ్ళ టీవీ సెట్టింగుల మీదకి నెట్టాడు. ఇప్పుడు మంచి టీవీలో, రాత్రిపూట, లైట్లు ఆర్పి చూస్తే నిజంగానే చాలావరకు కనిపించింది. ఆ మేరకు నా పాత ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. కానీ మొదటి సీజన్ మొదటి సీన్ నుంచి భయపెడుతూ వచ్చిన ముప్పు ఒక్క రాత్రిలో తీరిపోవడాన్ని ఏ టీవీ బాగుచేయలేదు.

నాలుగో ఎపిసోడ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. టేబుల్ మీద కాఫీ కప్పు మర్చిపోయినందుకు లోకమంతా నవ్వింది కానీ, నాకు ఆ కప్పుతో పేచీ లేదు. అదే ఎపిసోడ్‌లో సెర్సీ పక్షాన ఉన్న యూరాన్ ఓడల మీద నుంచి పెద్ద పెద్ద బాణాలు వేసి ఆకాశంలో ఎగురుతున్న డ్రాగన్‌ని వరసగా మూడు దెబ్బల్లో కూల్చేస్తాడు. పై నుంచి చూస్తున్న డెనేరిస్‌కి అన్ని ఓడలు ఎలా కనిపించలేదు? యూరాన్ నౌకాదళం ఐరన్ ఫ్లీట్ సంగతి ఆమె మర్చిపోయిందని బెనియాఫ్ ఎపిసోడ్ వెనకాల వేసే వీడియోలో చెప్పాడు. తర్వాతి వారం అవే బాణాలు, అవే ఓడలు, పైగా గోడల మీద ఇంకా ఎక్కువ. ఒక్కటి కూడా తగలదు. మిగిలిన ఒక్క డ్రాగనే అన్నిటినీ తగలబెడుతుంది. ఈ వారం డ్రాగన్ చావాలి కాబట్టి బాణం తగిలింది, వచ్చే వారం ఊరు కాలాలి కాబట్టి తగల్లేదు. నేను ఏళ్ళ తరబడి నమ్మిన ప్రపంచం అక్కడ చెల్లిపోయింది.

ఇక ఐదో ఎపిసోడ్‌లో గంటలు. సెర్సీ ఏలుతున్న రాజధాని లొంగిపోయింది, గంటలు మోగాయి, అయినా డెనేరిస్ ఊరిని కాల్చేసింది. మా మేనల్లుడు ఇక్కడ నాతో గట్టిగా వాదించాడు. "మామయ్యా, రెండో సీజన్లోనే ఊళ్ళు తగలబెడతానంది కదా. మీరీన్ నగరంలో 163 మందిని కొయ్యలకి కొట్టించింది. తలవంచని టార్లీ తండ్రీకొడుకుల్ని కాల్పించింది. ఇందులో కొత్తేముంది?" వాడన్నది నిజమే. విత్తనాలు మొదటి నుంచీ ఉన్నాయి. కానీ మొక్క పెరగడం మనకి చూపించలేదు, ఏకంగా చెట్టు తెచ్చి పాతారు. నెచ్చెలి మిస్సాండే చనిపోయింది, జాన్ దూరమయ్యాడు, తిండి మానేసింది, వెంటనే నగరదహనం. ఆమె ఆ నిర్ణయం తీసుకున్నాక కెమెరా ఇక ఆమె మొహం వైపే వెళ్ళదు. ఎపిసోడ్ అయిపోయేదాకా డ్రాగన్ నీడ, కింద పరిగెత్తే జనం. ఏడు సీజన్లు మనం ఎవరి వెంట నడిచామో ఆ మనిషి మనసు చూడాల్సిన గంటలో మనల్ని వీధిలో వదిలేశారు. డెనేరిస్‌గా వేసిన ఎమీలియా క్లార్క్ డ్రాగన్ మీద కూర్చుని ఆ గంటలు వింటూ చేసిన కాసేపు నటన చూస్తే, ఇంకో నాలుగు ఎపిసోడ్లు ఇచ్చి ఉంటే ఏం చేసేదో అనిపిస్తుంది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

చివరి ఎపిసోడ్ వచ్చింది మాకు మే 20న. ముందురోజు సాయంత్రమే ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి, ఆఫీసులో సగం మంది జగన్, చంద్రబాబుల సీట్లు లెక్కపెడుతుంటే మిగతా సగం నెడ్ కొడుకు బ్రాన్ రాజెలా అయ్యాడని తలలు పట్టుకున్నారు. బ్రాన్ ఐదో సీజన్ మొత్తంలో లేనే లేడు. అతని కథ కంటే గొప్ప కథ ఎవరికుందని టిరియన్ సభలో అడుగుతాడు. అతని అక్కలు ఆర్యకుంది, సాన్సాకుంది. జాన్ డెనేరిస్‌ని పొడిచాక ఆమె సేనాని గ్రే వార్మ్ అతన్ని చంపకుండా ఎందుకు వదిలేశాడో చూపించకుండా వారాలు దాటించేశారు. ఆ సీజన్‌కి 12 ఎమ్మీ అవార్డులు వచ్చాయి. ఆ సీజన్ మళ్ళీ కొత్తగా తీయమని పదిహేను లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. నేను చేయలేదు. కష్టపడి పనిచేసిన అంతమందిని చిన్నబుచ్చడం నాకు ఇష్టం లేకపోయింది.

ఈ సీజన్లో నాకు దొరికిన సంతోషం రెండో ఎపిసోడ్. చావబోతున్నామని తెలిసినవాళ్ళు ఒక రాత్రి చలిమంట చుట్టూ కూర్చుంటారు, జేమీ బ్రియాన్ అనే యోధురాలికి నైట్ (వీరుల బిరుదు) ఇస్తాడు. అప్పట్లో ఏమీ జరగలేదని తిట్టుకున్నవాళ్ళున్నారు. ఈసారి ఆ సీన్ దగ్గర మేమిద్దరం మాటల్లేకుండా కూర్చున్నాం. తొందర లేనప్పుడు ఈ సిరీస్ ఎంత బాగుండేదో అందులో ఉంది.

ఆరో సీజన్ని మాత్రం నేను ఇదివరకు అందరి దగ్గరా ఆకాశానికెత్తాను. చివరి రెండు ఎపిసోడ్లూ, సంగీత దర్శకుడు రామిన్ జవాదీ పియానో ఇప్పటికీ అంతే. కాకపోతే డెనేరిస్ సలహాదారు వేరిస్ దక్షిణాన డోర్న్‌లో ఒక సీన్లో కనిపించి, అదే ఎపిసోడ్ చివర సముద్రం అవతలి మీరీన్ నుంచి బయల్దేరే ఓడలో నిలబడి ఉంటాడు. కాబట్టి పొగడ్తని కొంచెం తగ్గిస్తున్నాను.

కొత్తగా చూసేవాళ్ళకి చూడమనే చెప్తాను, ముఖ్యంగా మొదటి నాలుగు సీజన్లు. మా మేనల్లుడిలా సెలవుల్లో ఒక ఊపులో చూసేవాళ్ళకి ముగింపు నన్ను బాధపెట్టినంత బాధపెట్టకపోవచ్చు. వాడు ఓ రెండు రోజులు విసుక్కుని ఊరుకున్నాడు. నేను వారం వారం ఎదురుచూసి, మధ్యలో ఈ కథకి మూలమైన జార్జ్ మార్టిన్ పుస్తకాలు కూడా చదివినవాణ్ణి, నా బాధ వేరు. ఐదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. అది వచ్చి డెనేరిస్‌కి కావాల్సినంత టైం ఇస్తే, ఆ గంటల సీన్ మళ్ళీ పెట్టుకుని చూస్తాను.