జాతిపై నిషేధమా, యజమానిపై బాధ్యతా: పర్లాకిమిడికి ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడికి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం ఆనుకునే ఉంటుంది. సంతలకు, పెళ్లిళ్లకు అటూ ఇటూ తిరిగే మన తెలుగువాళ్లకు మధ్యలో ఒడిశా సరిహద్దు ఉందన్న ధ్యాసే రాదు. ప్రమాదకరమైన కుక్కల విషయంలో ఏ నియమం మేలో తేల్చాలంటే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొన్ని జాతులను పెంచనే కూడదనడం ఒక మార్గం. 2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్, రాట్‌వైలర్ వంటి ఇరవైకి పైగా జాతులకు లైసెన్సులు ఇవ్వవద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లోనే కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. బ్రిటన్ 1991లో నాలుగు రకాలతో ఈ దారి పట్టి, 2023 చివరలో ఎక్స్‌ఎల్ బుల్లీని కూడా చేర్చాల్సి వచ్చింది. నెదర్లాండ్స్ మాత్రం తన పిట్‌బుల్ నిషేధాన్ని 2008లో ఎత్తివేసింది.

నిషేధానికి ఒక బలం ఉంది, దాన్ని కాదనలేను. బిడ్డ మెడ పట్టాక ఎవరికి శిక్ష వేసినా ఏం లాభం? బలమైన దవడలున్న కుక్క కరిస్తే గాయం లోతే వేరు. కానీ మన పురపాలక సంఘం నిషేధిస్తే అది ఊరి పొలిమేరతోనే ఆగిపోతుంది. అవతల కొన్న కుక్కపిల్లను సంచిలో పెట్టుకుని వస్తే ఆపేదెవరు? సంకరజాతి కుక్కను చూసి ఇది ఫలానా జాతి అని తేల్చేదెవరు?

యజమానిని బాధ్యుణ్ని చేయడం రెండో మార్గం. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయం, తీవ్రగాయం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఇది కుక్క జాతి అడగదు, పర్లాకిమిడిలోనూ పాతపట్నంలోనూ ఒకేలా వర్తిస్తుంది. దీనికి తోడు నమోదు, ఏటా రేబీస్ టీకా, వీధిలో గొలుసు తప్పనిసరి చేస్తే చాలావరకు పని జరుగుతుంది. నా ఓటు దీనికే.

అయితే రేబీస్ దగ్గర రెండు మార్గాలూ చాలవు. ఆ జబ్బుకు జాతితో పని లేదు, వీధికుక్కకు యజమానీ లేడు. లక్షణాలు బయటపడ్డాక బతికే ఆశ దాదాపు ఉండదు. అందుకే 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు శస్త్రచికిత్స, టీకా స్థానిక సంస్థే చేయించాలి. కాటుపై కారం, పసరు పూయడం ఇకనైనా మానాలి. గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం వచ్చిన కాటుకు టీకాతో పాటు, అది పనిచేయడం మొదలయ్యేలోపు కాపాడే ఇమ్యునోగ్లోబులిన్ సూదిమందు కూడా అడగాలి.

పురపాలక సంఘాన్ని నేను కోరేది ఇంకొకటుంది. ఒకసారి మనిషిని కరిచిన పెంపుడు కుక్క, అది ఏ జాతిదైనా, మూతికి చిక్కం లేకుండా గేటు దాటకూడదు. ఆ వివరం పాతపట్నం పోలీసులకూ అందాలి.