చిప్ప పక్కకు ఒరిగిన మోకాలి అరుగుదలకు బ్రేస్: వాడి చూసిన తర్వాత

మోకాలి అరుగుదలకు దొరికే తొడుగులన్నీ ఒకటి కావు. గొట్టంలా కాలికి ఎక్కే సాదా నీ క్యాప్ వెచ్చదనాన్నీ కొంత ధైర్యాన్నీ ఇస్తుంది. కీలు ఒక పక్క అరిగి కాలు వంకర తిరిగినవారికి ఇచ్చే కడ్డీల బ్రేస్ బరువును రెండో పక్కకు మళ్లిస్తుంది. నేను సమీక్షిస్తున్నది మూడో రకాన్ని. ఇందులో చిప్ప ఉండేచోట గుండ్రని రంధ్రం, దాని బయటి అంచున అర్ధచంద్రాకారపు మెత్త, ఆ మెత్తను లోపలి వైపుకు లాగి బిగించే వెల్క్రో పట్టీ ఉంటాయి. చిప్ప తొడ ఎముక చివరనున్న తన గాడిలో సరిగా జారక బయటి వైపుకు ఒరిగి, దాని వెనుక ఉన్న మృదులాస్థి (ఎముకను కప్పే నునుపైన పొర) అరిగిపోయినవారి కోసం తయారైనది ఇది. నా మోకాలు అటువంటిదే కావడంతో దీన్ని చాలాకాలంగా వాడుతున్నాను. ఇది కొనదగిన వస్తువేనని నా అభిప్రాయం, అయితే పెట్టె మీద చెప్పిన కారణం వల్ల మాత్రం కాదు.

కొనేముందు నొప్పి చిప్పదేనా అన్నది తేల్చుకోవాలి. మెట్లు దిగేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు, చాలాసేపు మోకాలు మడిచి కూర్చున్న తర్వాత మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తూ, చదునైన నేల మీద నడక పెద్దగా బాధించకపోతే చిప్పను అనుమానించవచ్చు. నిలబెట్టి ఎదురుగా తీసే మామూలు ఎక్స్‌రేలో చిప్ప తొడ ఎముక నీడలో కలిసిపోతుంది కాబట్టి, ఆ ఒక్క ఫిల్మును చూసి కీలు బాగానే ఉందని చెప్పినా నొప్పి అబద్ధమైపోదు. మోకాలు కొంత వంచి, చిప్పకూ దాని గాడికీ నడుమ ఉన్న సందు కనబడేలా తీసే స్కైలైన్ ఎక్స్‌రేలోనే ఒరిగిన చిప్ప, బయటి వైపు ఇరుకైన సందు తెలుస్తాయి. ఆ ఫిల్ము లేకుండా ఈ బ్రేస్ కొనడం గుడ్డి బేరమే.

చిప్ప మీద పడే భారం ఎంతో తెలిస్తే ఈ పట్టీ నుంచి ఏమి ఆశించవచ్చో తెలుస్తుంది. 1972లో రైలీ, మార్టెన్స్ ప్రచురించిన లెక్కల ప్రకారం చదునైన నేల మీద నడిచేటప్పుడు చిప్పకూ తొడ ఎముకకూ మధ్య పుట్టే ఒత్తిడి శరీర బరువులో దాదాపు సగం మాత్రమే ఉంటుంది, మెట్ల మీద అది 3.3 రెట్లకూ, బాగా గొంతుక్కూర్చున్నప్పుడు 7.6 రెట్లకూ చేరుతుంది. చిప్ప ఒరిగి ఉన్నప్పుడు ఇంత భారాన్నీ బయటి అంచున ఉన్న కొద్దిపాటి జాగాయే మోస్తుంది. ఎత్తు చెప్పు మడమ మొనతో తొక్కడానికీ పాదమంతా ఆనించి తొక్కడానికీ ఉన్న తేడా వంటిదే ఇక్కడా ఉంది. పెట్టె మీద మాత్రం పట్టీ చిప్పను స్వస్థానానికి తెస్తుందని రాస్తారు. చిప్ప నొప్పి ఉన్నవారికి ఎంఆర్ఐ తీసి క్రిస్టఫర్ పవర్స్ బృందం 2004లో ప్రచురించిన పరిశీలనలో, బ్రేస్ కట్టినప్పుడు చిప్ప స్థానంలో వచ్చిన మార్పు స్వల్పమేననీ, చిప్ప, గాడి ఒకదానినొకటి తాకే వైశాల్యం మాత్రం పెరిగిందనీ తేలింది. అంటే బ్రేస్ ఎముకను సర్దదు, భారాన్ని పరుస్తుంది. విప్పేసిన తర్వాత చిప్ప ఎప్పటిలాగే ఉంటుందని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి.

అరుగుదల ఉన్న మోకాళ్లపై జరిగిన పరీక్షల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. 2011లో డేవిడ్ హంటర్ బృందం పట్టీ ఉన్న బ్రేస్‌ను, పట్టీ తీసేసిన అదే బ్రేస్‌తో పోల్చినప్పుడు నొప్పిలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. 2015లో మైకేల్ కలహన్ బృందం 126 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు 6 వారాల పాటు బ్రేస్ ఇచ్చి రెండో జట్టుకు ఇవ్వకుండా చూసినప్పుడు, కట్టుకున్నవారిలో నొప్పి తగ్గడమే కాక, చిప్ప భాగపు ఎముక మజ్జలో ఎంఆర్ఐలో కనిపించే దెబ్బతిన్న మచ్చల పరిమాణం కూడా తగ్గింది. మొదటి పరీక్ష పట్టీ విలువను కొలిచింది, రెండోది మొత్తం తొడుగు విలువను కొలిచింది కాబట్టి ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేయవని నాకు అనిపిస్తుంది. ఉపశమనంలో కొంత భాగం ఒట్టి తొడుగు వల్లనే వస్తుండవచ్చు. అయినా ఎముక మజ్జలోని మచ్చలు చిన్నవి కావడాన్ని మనసు కుదుటపడటం వల్ల వచ్చినదిగా కొట్టిపారేయలేము. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు బ్రేసులను అందరికీ ఇవ్వవద్దంటూనే, కీలు నిలకడగా లేనప్పుడో దాని మీద భారం అసహజంగా పడుతున్నప్పుడో, పైగా ఆ సాయం లేనిదే వ్యాయామం ఫలించనప్పుడో సాగనప్పుడో, వాడితే కదలిక మెరుగుపడుతుందనుకుంటే పరిశీలించమన్నాయి. ఒరిగిన చిప్ప ఆ మినహాయింపులోకి వస్తుందని నేను భావిస్తాను.

డబ్బు పెట్టకముందే బ్రేస్ పనిచేస్తుందో లేదో చాలావరకు ఊహించే మార్గం ఒకటుంది. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్ట్ జెన్నీ మెకానల్ 1980లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో, సాగని గట్టి టేపుతో చిప్పను లోపలి వైపుకు లాగి అతికిస్తారు. చిప్ప దగ్గర అరుగుదల ఉన్నవారిపై 1994లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన చిన్న పరీక్షలో లోపలికి లాగిన టేపు నొప్పిని 25 శాతం తగ్గించింది. నొప్పి పుట్టించే మెట్టును టేపుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి దిగి చూస్తే మీ మోకాలే తీర్పు చెబుతుంది. టేపు ఏమాత్రం ఉపశమనం ఇవ్వకపోతే బ్రేస్ మీద ఆశ తగ్గించుకోవడం మంచిది. రోజూ టేపు అతికిస్తే చర్మం పాడవుతుంది కాబట్టి దీర్ఘకాలానికి మాత్రం బ్రేసే నయం.

కొలతల విషయంలో అజాగ్రత్త పనికిరాదు. చిప్పకు పైన, కింద ఎంత దూరంలో చుట్టుకొలత తీసుకోవాలో తయారీదారు చెప్పినట్టే కొలవాలి, రెండు సైజుల మధ్య పడితే ఫిజియోథెరపిస్ట్ ముందు తొడిగి చూడాలి. తొడ లావుగా, పిక్క సన్నగా ఉన్నవారికి ఇది నడుస్తుండగా కిందికి జారుతుంది. అది జారితే మెత్త చిప్ప అంచున కాక చిప్ప మీదికే వచ్చి, తగ్గించవలసిన నొప్పిని పెంచుతుంది. ఈ రకం బ్రేసులో నాకు కనబడిన పెద్ద లోపం ఇదే. మోకాలు చాచి తొడ కండరాన్ని వదులు చేసి, ముందు రంధ్రాన్ని చిప్ప మీద సరిగా కూర్చి, ఆ తర్వాతే పట్టీని బయటి నుంచి లోపలికి లాగాలి. ఎంత గట్టిగా లాగితే అంత మేలన్నది భ్రమ. పాదం తిమ్మిరెక్కినా, పిక్క వాచినా వెంటనే సడలించాలి. మెట్లు, నడక, నిలబడి చేసే పనుల వేళ కట్టుకుని నిద్రలో విప్పేయాలి. నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరుతో చేసిన వాటిలో చెమట పడుతుంది, కొందరికి ఆ పదార్థం వల్లనే దద్దుర్లు వస్తాయి. అటువంటివారు గాలి ఆడే అల్లిక బట్టతో చేసిన దాన్ని ఎంచుకోవాలి.

ఈ బ్రేస్ నాకు చేసిన అసలు మేలు వ్యాయామాన్ని సాధ్యం చేయడం. నొప్పికి జంకి తొడ ముందు కండరం పని మానేస్తే చిప్పను నిలిపి ఉంచే బలం పోతుంది, అప్పుడు నొప్పి ఇంకా పెరుగుతుంది. బ్రేస్ కట్టుకుని నేను మళ్లీ మెట్టెక్కే వ్యాయామం మొదలుపెట్టగలిగాను. తొడ కండరం ఒక్కటే సరిపోదు. తుంటి పక్క కండరాలు బలహీనంగా ఉంటే అడుగు వేసినప్పుడు తొడ ఎముక లోపలికి తిరిగి, చిప్ప కింద గాడే పక్కకు తప్పుకుంటుంది. అందువల్ల పక్కకు పడుకుని కాలు ఎత్తడం, కాళ్లకు రబ్బరు పట్టీ వేసుకుని పక్క అడుగులు వేయడం కూడా కార్యక్రమంలో ఉండాలి. కోణాల సంగతి మరింత సూక్ష్మమైనది. నిలబడి మోకాళ్లు వంచే వ్యాయామాల్లో వంపు పెరిగేకొద్దీ చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి సగానికి మించి దిగకూడదు. కూర్చుని బరువుతో కాలు చాచే వ్యాయామంలో దీనికి విరుద్ధంగా, కాలు పూర్తిగా చాపబోయే చివరి భాగంలో ఒత్తిడి ఎక్కువ. జిమ్‌లో ఆ యంత్రం మీద నొప్పి తెచ్చుకునేవారు చాలామంది ఈ తేడా తెలియక పూర్తిగా చాచేవారే.

తక్కిన వైద్యం గురించి ఎక్కువ రాయవలసినది లేదు. బరువు ఎక్కువగా ఉన్నవారు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని మెసియర్ బృందం 2005లో చూపింది. పైపూతగా రాసే, నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ జెల్ మాత్రల కంటే కడుపుకు సురక్షితం. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొద్ది వారాల ఉపశమనం ఇస్తుంది, కానీ 12 వారాలకోసారి చొప్పున రెండేళ్లు ఇచ్చినప్పుడు మృదులాస్థి మరింత తగ్గినట్టు 2017లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన పరీక్ష తేల్చింది. జనం గుజ్జు ఇంజెక్షన్లని పిలిచే హైలురోనిక్ ఆమ్లాన్ని ఇవ్వవద్దని పైన చెప్పిన నైస్ మార్గదర్శకాలే అన్నాయి. పీఆర్పీ (రోగి రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం) ఇంజెక్షన్ 288 మందిపై జరిగిన, 2021లో ప్రచురితమైన పరీక్షలో ఉప్పునీటి ఇంజెక్షన్ కంటే మెరుగని నిరూపించుకోలేకపోయింది. వీటికి పెట్టే డబ్బులో కొంతైనా మంచి ఫిజియోథెరపిస్ట్ దగ్గర పెట్టడం ఎక్కువ ఫలవంతమని నా అనుభవం.

చిప్ప లోపలి వైపుకు ఒరిగినవారు, అరుగుదల ప్రధానంగా తొడ ఎముకకూ కింది కాలి ఎముకకూ మధ్య ఉన్నవారు దీన్ని కొనకూడదు. మోకాలు ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా వాచినా, వంగకుండా బిగుసుకుపోయినా ముందు వైద్యుణ్ణి చూడాలి. వాడేవారికి నిర్వహణ గురించి ఒక మాట: తొడుగును గోరువెచ్చని నీటిలో చేత్తో ఉతికి నీడలో ఆరవేయాలి, ఉతికేటప్పుడు వెల్క్రోను మూసి ఉంచాలి. బట్ట కంటే ముందు అరిగేది ఆ వెల్క్రోయే. అది పట్టు తప్పితే మెత్త జరిగిపోతుంది కాబట్టి, పట్టీని విడిగా మార్చుకునే వీలున్న నమూనాను ఎంచుకోవడం లాభం.