బాసర నుంచి నాందేడ్ వెళ్లేవాళ్లకు: హుజూర్ సాహిబ్ గురుద్వారా ఎలా ఉంటుంది, ఏం చూడాలి

నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల వైపు నుంచి బాసర వెళ్లిన చాలామంది అదే ఊపులో నాందేడ్ కూడా చూసి వస్తుంటారు. గంటలో ముగించేద్దామని వెళ్తే మాత్రం అసలుది చూడకుండానే వెనక్కి వస్తారు. సాయంత్రం హారతి దాకా ఉండేలా వెళ్లండి.

లోపల విగ్రహం ఉండదు. కొబ్బరికాయ, అర్చన టికెట్టు లాంటివీ ఉండవు. గర్భగుడిని అంగీఠా సాహిబ్ అంటారు. సిక్కుల పదో గురువు గురు గోబింద్ సింగ్ చితి పేర్చిన చోటు అది. 1708లో మొఘల్ చక్రవర్తి బహదూర్ షా, తమ్ముడు కామ్ బక్ష్ మీదికి దక్కన్‌కు దండెత్తి వస్తుంటే గురువు కూడా ఆ వెంట నాందేడ్ వచ్చారు. ఇక్కడే ఒక పఠాన్ కత్తితో పొడిచాడు. గాయానికి కుట్లు వేశాక, బలమైన విల్లు ఎక్కుపెట్టినప్పుడు అవి తెగిపోయాయని సంప్రదాయం చెబుతుంది. ఆ అక్టోబర్‌లో కన్నుమూశారు. తన తర్వాత మనిషి గురువు ఉండరని, పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబే గురువని ప్రకటించింది కూడా ఈ ఊళ్లోనే. సిక్కుల ఐదు తఖ్తుల్లో, అంటే అత్యున్నత మత పీఠాల్లో, ఇదొకటి కావడానికి కారణం అదే.

ఇప్పుడున్న కట్టడం పంజాబ్ మహారాజా రంజిత్ సింగ్ 1832–1837 మధ్య కట్టించింది. అప్పుడు నాందేడ్ నిజాం ఏలుబడిలో ఉండేది. 1956లో నాందేడ్ ఉన్న మరాఠ్వాడా ప్రాంతం విడిపోయేదాకా మనదీ వాళ్లదీ ఒకటే హైదరాబాద్ రాష్ట్రం. గురుద్వారా నిర్వహణ చట్టం కూడా ఆ ఏడాది హైదరాబాద్ రాష్ట్రం చేసిందే.

సాయంత్రం హారతి ఇక్కడి ప్రత్యేకత. పంజాబ్ గురుద్వారాల్లో సాధారణంగా హారతి పాట మాత్రమే పాడతారు, ఇక్కడ దీపాలు వెలిగించి తిప్పుతారు. అది కాగానే గురువు ఆయుధాలను ఒక్కొక్కటే పైకెత్తి చూపిస్తూ వివరం చెబుతారు. చెప్పేది పంజాబీలో కాబట్టి, ఏది దేనికి వాడేవారో ముందే కాస్త చదువుకుని వెళ్తే బాగా అర్థమవుతుంది. లోపలి గదిలోకి పూజారులు తప్ప ఎవరూ వెళ్లరు. గడప ముందు నిలబడే దర్శనం చేసుకోవాలి. హారతి మొదలయ్యాక వస్తే వెనకాల తలలే కనబడతాయి, కాస్త ముందే వచ్చి కూర్చోండి.

తల కప్పుకోవాలి, ఆడా మగా పిల్లలూ అందరూ. జేబురుమాలు చిన్నదైతే వంగి నమస్కరించగానే జారిపోతుంది, కాబట్టి పెద్ద రుమాలు తెచ్చుకుని వెనక ముడి వేసుకోండి. బీడీ, సిగరెట్, గుట్కా జేబులో కూడా ఉండకూడదు. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

కడా ప్రసాదం కుడిచేత్తో తీసుకునేది కాదు. రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాలి. గోధుమపిండి, నెయ్యి, చక్కెర సమపాళ్లలో వేస్తారు కనుక వేడిగా ఉన్నప్పుడు నెయ్యి అరచేతుల్లోకి దిగుతుంది. కవర్లో కట్టుకోకుండా అక్కడే తినేయడం మర్యాద.

లంగర్ భోజనానికి డబ్బు తీసుకోరు. అందరూ నేల మీద వరుసగా కూర్చుంటారు. రొట్టె వడ్డించేటప్పుడు రెండు చేతులూ చాపాలి, కంచంలో వేయమని చూపిస్తే బాగుండదు. అడిగినన్ని సార్లు పెడతారు, కానీ వదిలేయకూడదు. ఆ వడ్డనలోని ఓపిక, ఆప్యాయత మరే యాత్రాస్థలంలోనూ అంత సులువుగా దొరకవు. తిన్నాక గిన్నెలు కడిగే చోట కాసేపు చేయి వేస్తే ఎవరూ వద్దనరు.

యాత్రీ నివాసాల్లో గదికి గుర్తింపు కార్డు తప్పనిసరి. దసరా, హోలీలప్పుడు ఆయుధాలతో దాడికి వెళ్తున్నట్టు సాగే హల్లా ఊరేగింపు ఉంటుంది. చూడదగిందే గానీ గది దొరకడం కష్టం, ఆ రోజుల్లో పెద్దవాళ్లతో వెళ్లకపోవడమే మంచిది.

సమయం మిగిలితే గోదావరి ఒడ్డున బందా ఘాట్ చూడండి. మాధోదాస్ అనే బైరాగి గురువును కలిసి బందా సింగ్ బహదూర్‌గా మారింది అక్కడే. 1710లో పంజాబ్‌లోని సర్‌హింద్‌ను మొఘలుల నుంచి గెలిచింది ఆయనే.

నిజామాబాద్ నుంచి రైలే మేలు, బాసర మీదుగానే వెళ్తుంది. వరంగల్ వాళ్లు కారులో అయితే కరీంనగర్, జగిత్యాల దాకా వచ్చి 61వ జాతీయ రహదారి పట్టుకుంటే నిర్మల్, భైంసా, భోకర్ మీదుగా నేరుగా నాందేడ్ చేరతారు.