లాడ్జి షట్టరు, సమాధి రాయి: నరసాపురంలో మా ఈస్టరు

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లాలని నరసాపురంలో లాడ్జి తీసుకునేవారు ఏసీ పనిచేస్తుందా, నీళ్లు వస్తాయా అన్న ప్రశ్నలు తరువాత అడగవచ్చు. మూడున్నరకు కింది షట్టరు తాళం ఎవరి దగ్గర ఉంటుందో ముందు అడిగి, ఆ మనిషిని కళ్లారా చూసి, రాత్రి అతడు ఎక్కడ పడుకుంటాడో తెలుసుకొని ఆ తరువాతే అడ్వాన్సు ఇవ్వాలి. ఈ జ్ఞానం మాకు 15,600 రూపాయలకు దక్కింది.

మా అత్తగారు 2024 ఆగస్టులో కన్నుమూశారు. ఆమె సమాధి నరసాపురానికి తొమ్మిది కిలోమీటర్ల దూరాన, కాలువ గట్టునున్న వాళ్ల పల్లెలో ఉంది. అక్కడి ఇల్లు అమ్మేసి చాలా ఏళ్లయింది కాబట్టి, ఆమె పోయాక వచ్చిన తొలి ఈస్టరుకు, అంటే 2025 ఏప్రిల్ 20కి, నలుగురం హైదరాబాదు నుంచి బయలుదేరాము. నేను, నా భార్య, బావమరిది, డెబ్భై ఎనిమిదేళ్ల మా పెద్దత్తగారు. నలుగురిలో మూడు సంఘాలున్నాయి. నేను రాజమండ్రి వైపు లూథరన్‌ను, నా భార్యా బావమరిదీ బ్రదరన్ కూటంలో పెరిగినవారు, పెద్దత్తగారు పెళ్లితో ఆర్సీఎంలో, అంటే రోమన్ కేథలిక్ సంఘంలో కలిశారు. చనిపోయినవారు ప్రస్తుతం ఎక్కడున్నారన్న విషయంపై ఈ మూడు సంఘాలకూ పొత్తు కుదరదని దారిలోనే తెలిసింది.

గురువారం రాత్రి రైలు ఎక్కి శుక్రవారం ఉదయం ఏడు గంటలకు లాడ్జి చేరాము. ఫోనులో గదికి రోజుకు 1,800 రూపాయలని, చెక్ అవుట్ ఇరవై నాలుగు గంటల లెక్కని చెప్పారు. కౌంటరు వద్దకు వచ్చేసరికి అది 2,600 అయింది. ఎందుకని అడిగితే, "పండగ కదండీ" అన్నాడు గుమాస్తా. గుడ్ ఫ్రైడే పండుగ కాదని, అది ప్రభువు చనిపోయిన రోజని పెద్దత్తగారు అతడికి ఓపికగా వివరించారు గాని, దానివల్ల ధర తగ్గలేదు. అప్పటికి ఆమెకు నడుము నొప్పి మొదలైంది కాబట్టి రెండు గదులు తీసుకున్నాము. ఒక గదిలో ఏసీ గాలి వచ్చేది, చలువ వచ్చేది కాదు. రెండో గదిలో చలువతోపాటు గోడ మీదుగా నీరు కూడా కారేది.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటల ధ్యానం బాగా జరిగింది. సాయంత్రం సమాధికి సున్నం వేయించాము. మనిషికి కూలి 700, సున్నం, నీలిమందు, కుంచె, అక్షరాలకు నల్లరంగు కలిపి 310 అయ్యాయి. పలక మీద "ప్రభువునందు నిద్రించెను" అన్న మాటలకు రంగు దిద్దుతూ నా భార్య చాలాసేపు కూర్చుంది. అత్తగారు చిన్నప్పటి నుంచి లేసు అల్లేవారు. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లకు ఆ పని మిషనరీల ఇళ్ల నుంచి వచ్చింది. ఆమె శవపేటిక మీద కప్పిన తెల్లటి లేసు కూడా ఆమె చేతి అల్లికే.

శనివారం పాలకొల్లు వెళ్లి దిబ్బరొట్టె తిన్నాము. పైనా కిందా నిప్పు పెట్టి కాల్చిన ఆ రొట్టె అంచు కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉండి, చెరకు పానకంలో ముంచితే బావమరిదిని కూడా కాసేపు మాట్లాడకుండా చేసింది. నాలుగింటికి 240 రూపాయలు, ప్రతి పైసా న్యాయమే. క్షీరారామం గాలిగోపురాన్ని బయటినుంచే చూసి తిరిగి నరసాపురం రేవుకు వచ్చి, పంటు (రేవు దాటించే పడవ) మీద గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగాము. అంతర్వేదిలో నది సముద్రంలో కలిసేచోట పట్టుమని పది నిమిషాలు కూడా నిలువలేకపోయాము, ఎండ అలా ఉంది.

వాదన పంటు మీద మొదలైంది. ఆ రోజు పవిత్ర శనివారం. యేసు సమాధిలో ఉన్న రోజు కాబట్టి, విశ్వాస ప్రమాణంలోని "అదృశ్యలోకములోనికి దిగెను" అన్న మాట తనకు ఆ రోజే గుర్తొస్తుందని పెద్దత్తగారు అని, చెల్లెలి ఆత్మశాంతికి జపమాల తిప్పసాగారు. బావమరిదికి అది నచ్చలేదు. సిలువ మీది దొంగతో నేడే నాతోకూడ పరదైసులో ఉంటావని ప్రభువు చెప్పాక ఇంక చనిపోయినవారు శుద్ధి పొందే ఉత్తరించు స్థలమెక్కడిదని, అమ్మ ఇప్పటికే ప్రభువు సన్నిధిలో ఉంది కాబట్టి మన ప్రార్థన ఆమెకు అక్కరలేదని అతడి వాదం. నిజానికి అతడికి ఈస్టరు అంటేనే పట్టింపు లేదు. ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమేనని, అందుకే తొలి విశ్వాసులు వారపు మొదటి దినాన రొట్టె విరిచారని అంటాడు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన బ్రదరన్ మిషనరీలు విలియం బౌడెన్, జార్జి బీర్‌ల కుటుంబాలు ఈ నరసాపురంలో స్థిరపడి గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశాయి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలయ్యే నాటికే వాళ్లు ఇక్కడ ఉన్నారు. వాళ్లు నేర్పిన పాఠాన్ని మా బావమరిది ఒక్క అక్షరం పోనీయకుండా దాచుకున్నాడు.

నన్ను అడిగితే, మార్టిన్ లూథర్ మరణాన్ని చాలాచోట్ల నిద్రగానే చెప్పాడన్నాను. నిద్రపోయినవాడికి రాత్రి ఎంత పొడవో తెలియదు. పిలుపు వినబడగానే లేస్తాడు. పలక మీద మనం రాయించినదీ అదే కదా అన్నాను. ఇద్దరికీ కోపం వచ్చింది. పంటు ఒడ్డు చేరేదాకా నా భార్య నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. ముగ్గురమూ ఆమె తల్లి గురించే మాట్లాడుతున్నామని ఆలస్యంగా గుర్తొచ్చి ఊరుకున్నాము.

ఆ రాత్రి తొమ్మిదింటికి కౌంటరుకు వెళ్లి, తెల్లవారుజామున మూడున్నరకు గదులు ఖాళీ చేస్తామని, డబ్బు ఇప్పుడే తీసుకోమని అడిగాను. "పొద్దున్నే చూద్దాం లెండి, కుర్రాడుంటాడు" అన్నాడు గుమాస్తా. మూడు గంటల నలభై నిమిషాలకు సామానుతో దిగేసరికి షట్టరు కిందికి దించి ఉంది, లోపలివైపు రెండు తాళాలు వేలాడుతున్నాయి, గుమాస్తా ఇంటికి పోయాడు, తాళాలు అతడి జేబులో ఉన్నాయి. కుర్రాడు అనబడిన అరవయ్యేళ్ల కాపలా మనిషి బెంచీ మీద దుప్పటి ముసుగేసి పడుకున్నాడు. పిలిచాము, తట్టాము, కుదిపాము. ఒకసారి లేచి కూర్చుని, "తాళం నాకాడ లేదండీ" అని మళ్లీ ఒరిగాడు. గుమాస్తా ఫోను స్విచ్ ఆఫ్. రిసెప్షన్ గోడ మీద అంటించిన నంబరుకు చేస్తే కౌంటరు మీది ఫోనే మోగింది. బయట ఆటో అతను హారన్ కొడుతున్నాడు.

అప్పుడు పెద్దత్తగారు తాపీగా, "సమాధి ద్వారమునుండి మనకొరకు ఆ రాయి ఎవడు పొర్లించునని ఆ ఆడవాళ్లు కూడా ఇలాగే అనుకున్నారు అల్లుడుగారూ" అన్నారు. మార్కు సువార్త పదహారో అధ్యాయం అది. సుగంధ ద్రవ్యాలు చేతబట్టుకొని పెందలాడే బయలుదేరిన ఆ స్త్రీలకు దారిలో పట్టుకున్న దిగులు దేవదూతల గురించి కాదు, రాయి బరువు గురించి. ఆ మాట ఎన్నోసార్లు చదివినా దాని బరువు నాకు ఆ షట్టరు ముందే తెలిసింది. బావమరిది మాత్రం, కావలివారు చచ్చినవారివలె పడి ఉండడం మత్తయి సువార్తలోనిదని సరిదిద్దాడు.

మాకోసం రాయి పొర్లించినవాడు వెనక వంటగదిలో ఇడ్లీ పిండి బకెట్ల పక్కన పడుకున్న పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రవాడు. అలికిడికి లేచి వచ్చి, పెద్దత్తగారిని చూసి, ఏమీ అడగకుండా వెనక గడియ తీశాడు. గ్యాస్ బండల మధ్య నుంచి, జనరేటరు పక్కగా, అంట్ల తొట్టి దాటి ఆమెను చెయ్యి పట్టి నడిపించి వీధిలోకి తెచ్చాడు. వంద రూపాయలు ఇవ్వబోతే వెనక్కి జరిగాడు. పెద్దత్తగారు జేబులో కుక్కారు. అప్పటికి నాలుగు ఇరవై. ఆటో అతను ముందు ఒప్పుకున్న 400కే రానూపోనూ తీసుకెళ్లాడు, వేచి ఉన్నందుకు పైసా అడగలేదు. నా భార్య దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. మార్కు సువార్తకు అతి పాత పూర్తి చేతిరాత ప్రతులైన సైనాయిటికస్, వాటికానస్‌లు రెండూ ఆ స్త్రీలు భయపడి ఎవరితోను ఏమియు చెప్పలేదన్న మాట దగ్గరే ముగుస్తాయి. ఆమెను చూస్తూ ఆ ముగింపు గురించే ఆలోచించాను.

ఈస్టరు మార్చి 21 నాడు గాని ఆ తరువాత గాని వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం. ఈసారి పున్నమి పోయి వారం కావడంతో సగం చంద్రుడు కొబ్బరి చెట్ల మీద ఉన్నాడు. తోటంతా కొవ్వొత్తులే. కాలువ మీద గాలికి అవి ఆరిపోకుండా ఎండిన కొబ్బరి బొండాం డొప్పల్లో నిలబెట్టారు. బంతిపూలు, అగరొత్తులు, తడి సున్నం వాసన కలిసిపోయాయి. అన్ని సంఘాలవారికీ అదొక్కటే తోట. మైకులో పాట అయ్యాక, "క్రీస్తు లేచెను" అని పాస్టరుగారు అనగానే, "నిజముగా లేచెను" అని చీకట్లోంచి వందల గొంతులు పలికాయి. ఇక్కడ చాలామంది పాదాలు తూర్పుకు ఉంచి పాతిపెడతారు. ప్రభువు తిరిగి వచ్చే రాకడ దినాన లేచి నిలబడితే ముఖం ఆయనకు ఎదురుగా ఉండాలని.

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయినవాడు మా అత్తగారికి వరసకు బాబాయి అయ్యే ఒక పెద్దాయన, కౌలు రైతు, సంఘ పెద్ద. పాస్టరుగారు మొదటి కొరింథీయులకు పదిహేనో అధ్యాయం చదివి కూర్చోగానే ఈయన లేచాడు. విత్తినది చస్తేనే గాని బతకదని పౌలు రాసింది గోధుమ గింజను ఉద్దేశించి కావచ్చుగాని, మనకు తెలిసింది వడ్లేనన్నాడు. "ఒక పగలూ రాత్రీ నానబెడతాం. బస్తాలో పోసి గడ్డి కప్పి మొలకకు మండె కడతాం. ఆ బస్తాని చూసినవాడికి అది కుళ్లిపోతున్నట్టే ఉంటది, వాసన కూడా అలాగే ఉంటది. మర్నాడు లోపలికి చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుద్ది. చచ్చినదానికి వేడెక్కడిదండీ?" అని చెయ్యి చాపి చూపించాడు. తరువాత, వానాకాలంలో ఈ తోటలో మూడడుగులు తవ్వితే నీళ్లు ఊరుతాయని, పెట్టె తేలకుండా మనుషులు పట్టుకొని మట్టి వేయాల్సి వస్తుందని, మనవాళ్లంతా నానుతూనే ఉన్నారని అన్నాడు. నా భార్య అంతవరకూ ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆత్మ ఎగిరిపోతుందని చెప్పడం తేలిక. అన్ని మతాలవారికీ అది అర్థమవుతుంది. శరీరమే తిరిగి లేస్తుందన్నది క్రైస్తవులకు కూడా మింగుడుపడని మాట. పునరుత్థానం లేదనే యూదు వర్గం సద్దూకయ్యులు దాన్ని యేసు ముందే వెక్కిరించారు, ఏథెన్సులో పౌలు ఆ మాట ఎత్తగానే కొందరు నవ్వారు. "శరీర పునరుత్థానము" అని ప్రతి ఆదివారం వల్లించే నేను దాన్ని ఒక బురద బస్తాతో కలిపి ఎన్నడూ ఊహించలేదు.

తిరిగి ఎనిమిదిన్నరకు లాడ్జికి వెళితే లెక్క మూడు రోజులని తేల్చారు. శుక్రవారం ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం దాకా ఒక రోజట. రెండు గదులకు 15,600, దానిమీద జీఎస్టీ 12 శాతం, 1,872. బిల్లు చిత్తుకాగితం మీద పెన్సిలుతో ఉంది, జీఎస్టీ నంబరు అడిగితే పన్ను మాయమైంది, మిగతాది మాయం కాలేదు. మా లెక్కన 7,200 కావలసింది. తాళం వేసి మమ్మల్ని నలభై నిమిషాలు బంధించినందుకు తగ్గింపేమైనా ఉందా అని అడిగితే గుమాస్తాకు అర్థం కాలేదు. పండుగకు వెళ్లేవారు ధర, చెక్ అవుట్ లెక్క వాట్సాప్‌లో రాయించుకోండి. వీలైతే లాడ్జి మానేసి పల్లెలో తెలిసినవారి వసారా అడగండి.

మేము ఆ మిగతా రెండు రోజులూ ఆ పెద్దాయన వసారాలోనే గడిపాము. నలభై రోజులు నీచు ముట్టని పెద్దత్తగారికి నాటుకోడి వండిపెట్టారు. సోమవారం మధ్యాహ్నం పోప్ ఫ్రాన్సిస్ పోయారన్న వార్త ఫోనులో వచ్చింది, ముందురోజే ఆయన బాల్కనీలోంచి ఈస్టరు దీవెన ఇవ్వడం చూశాము. ఎనభై ఎనిమిదేళ్లట అని పెద్దత్తగారు అని, తోటలో మిగిలిన కొవ్వొత్తి ముక్కను కొబ్బరి డొప్పలో నిలిపి వెలిగించి, ఆయన పేరూ చెల్లెలి పేరూ కలిపి జపం మొదలుపెట్టారు. మంచం మీద పడుకున్న బావమరిది ఒక కన్ను తెరిచి చూశాడు. వాదిస్తాడనుకున్నాను. లేచి వెళ్లి, చొక్కా తడిసిపోయే ఆ ఉక్కలో, ఫ్యాను ఆపి వచ్చి మళ్లీ పడుకున్నాడు.