ఎండల్లో కాలినడకన తిరుమల: సంచి సర్దాల్సింది మధ్యాహ్నం కునుకు కోసం

మే నెలలో తిరుమలకి నడిచి వెళ్తున్నామని చెన్నైలో ఎవరికైనా చెప్పి చూడండి. "పెరటాసిలో వెళ్లొచ్చుగా" అంటారు, అంటే సెప్టెంబర్-అక్టోబర్‌లో వచ్చే తమిళ నెలలో. పెరంబూరులో మా వీధి మొత్తం అదే మాట. వాళ్లనీ అనడానికి లేదు. పెరటాసి శనివారాల్లో ఈ దారంతా పసుపు బట్టలే కనిపిస్తాయి. ఊరూరా పందిరి వేసి పులిహోర, మజ్జిగ పిలిచి మరీ ఇస్తారు. చెన్నై నుంచి బ్రహ్మోత్సవాల గొడుగులు కొండకి వెళ్లేదీ ఆ రోజుల్లోనే. మేలో ఆ పందిళ్లుండవు. ఉండేది కత్తిరి ఎండ. మే మొదటి వారంలో మొదలై నెలాఖరు దాకా వదలదు. కానీ మొక్కు మా వదినది, సెలవు వాళ్లబ్బాయిది, అంటే మా మేనల్లుడిది. ఆ రెండూ కలిసింది మేలోనే.

సంచిలో ఏం పెట్టుకోవాలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. అందరూ నడకని తలుచుకుని సర్దుతారు. బూట్లు, కర్రలు, మోకాలి పట్టీలు. నిజానికి ఈ ఎండల్లో నడిచేది తెల్లవారుజామున మూడింటి నుంచి ఎనిమిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిది దాకా. అది చల్లటి వేళ, గోవిందా అనుకుంటూ సాగిపోతుంది. మధ్యలో తొమ్మిది గంటలు ఎక్కడ పడుకుంటారన్నదే అసలు సంగతి. దాన్ని తలుచుకుని సర్దండి. లేకపోతే మాకు తగిలినట్టు మీకూ ఓ లాడ్జి తగులుతుంది.

మేం పట్టిన దారి రెడ్‌హిల్స్ మీదుగా. జనప్పన్‌చత్రం దగ్గర హైవే వదిలి ఎడమకి తిరిగితే పెరియపాళయం, ఊత్తుకోట, సురుటుపల్లి, నాగలాపురం, పిచ్చాటూరు, నారాయణవనం, పుత్తూరు, అక్కణ్ణుంచి తిరుపతి. మొత్తం 130 కిలోమీటర్ల పైచిలుకు. తిరువళ్లూరు, తిరుత్తణి, నగరి మీదుగా ఇంకో దారి ఉంది గానీ లారీల రద్దీ ఎక్కువని మావారు వద్దన్నారు. పెరియపాళయం దాకా చెప్పుకోవాల్సిందేమీ జరగలేదు. భవానీ అమ్మవారిని చూసుకుని బయటపడ్డాం.

లాడ్జి సంగతి. తమిళనాడు దాటి ఆంధ్రాలోకి ఇంకా రాలేదు. పొద్దున ఎనిమిదిన్నరకి చెమటతో తడిసి ముద్దయి ఒక లాడ్జిలో దిగాం. నలుగురికీ ఒకటే గది. అద్దె 900, అదనపు పరుపుకి 200, మొత్తం 1,100 అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. సాయంత్రం ఐదింటికి వెళ్లిపోతామని మావారు రెండుసార్లు చెప్పారు. "సరే సార్, సరే సార్" అని ఆధార్ కార్డులు నాలుగూ తీసుకుని సొరుగులో పెట్టుకున్నాడు. ఏసీ తిరుగుతోంది గానీ చల్లదనం లేదు. లో వోల్టేజీ అట. ఫ్యాను వేస్తే పైకప్పు వేడంతా మా మీదే. వదిన తడి తువ్వాలు మొహం మీద కప్పుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడకి కోపం వస్తే అంతే.

ఐదింటికి దిగితే కౌంటర్‌లో వేరే మనిషి. బిల్లు 2,200. ఇదేంటంటే, "చెకౌట్ పన్నెండింటికండీ. మీరు పన్నెండు లోపల దిగారు, అది నిన్నటి లెక్క. పన్నెండు దాటాక ఉన్నారు, అది ఇవాళ్టి లెక్క" అన్నాడు. ఎనిమిదిన్నర గంటలకి రెండు రోజుల అద్దె! పొద్దున్న చెప్పిన కుర్రాడిని పిలవమంటే డ్యూటీ దిగి వెళ్లిపోయాడట. కార్డులు మాత్రం డబ్బు కట్టేదాకా సొరుగులోంచి బయటికి రావు. మా మేనల్లుడు ఫోన్లో రివ్యూ రాస్తానని బెదిరించాడు. "రాసుకోండి సార్" అన్నాడు ఆ మనిషి, నవ్వుతూనే. మావారు డబ్బు కట్టేసి "పోనీలే, దేవుడి దారిలో గొడవెందుకు" అన్నారు. దేవుడి దారి అని తెలిసే కదా వాడు అలా వసూలు చేసింది. నాకు ఇప్పటికీ మండుతోంది. వదిన ఊరు దాటేదాకా నోరు విప్పలేదు. దాటాక విప్పింది, అదీ మావారి మీదే.

కాబట్టి ఎక్కడైనా దిగేముందు ఒక్క ప్రశ్న అడగండి. చెకౌట్ 24 గంటలదా, మధ్యాహ్నం పన్నెండుదా? పన్నెండుది అంటే పగటి పూటకి ఎంత అని తేల్చుకుని రసీదు మీద రాయించుకోండి. ఆధార్ జిరాక్సులు అరడజను పట్టుకెళ్లండి, అసలు కార్డు చేతికివ్వకండి. లేదా లాడ్జి మొహమే చూడకుండా పడుకునే సామాను మోసుకెళ్లండి. ఆ రోజు నుంచి మేం చేసింది ఇదే.

ఆ సామాను ఎంతని? మడిచే ప్లాస్టిక్ చాప ఒకటి (చెన్నైలో పారిస్ కార్నర్ ఫుట్‌పాత్ మీద 180 రూపాయలు), ఉతికిన పాత నూలు దుప్పటి, తాడుతో కట్టుకునే దోమతెర. పగలు దోమలుండవు గానీ ఈగలు నిద్రపోనివ్వవు, మామిళ్ల కాలం కదా. మనిషికి రెండు నూలు తువ్వాళ్లు. అక్కడే బట్టల బజారు గోడౌన్ స్ట్రీట్‌లో డజను ఒకేసారి కొంటే ఒక్కోటి 55 పడింది. ఒకటి తలకి, ఒకటి నీటి సీసాకి. స్టీలు సీసాకి తడిగుడ్డ చుట్టి గాలికి వేలాడదీస్తే గంటలో నీళ్లు గొంతులోకి దిగేంత చల్లబడతాయి. పైన వెండిరంగు పూత ఉన్న గొడుగు, 380. నల్ల గొడుగు కన్నా ఇది చాలా నయం. ఎనిమిది దాటాక గొడుగు లేకుండా ఈ రోడ్డు మీద నడవడం నా దృష్టిలో భక్తి కాదు, మొండితనం.

మా మేనల్లుడి సంచి మాత్రం వేరే లోకం. వాడుండేది చెన్నైలో ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డులో. ఒక మాల్‌లో పెద్ద స్పోర్ట్స్ షాపుకి వెళ్లి సేల్స్‌మన్ చెప్పినవన్నీ తెచ్చుకున్నాడు. బూట్లు 5,999, చేతికర్రల జత 1,799, గొట్టంతో నీళ్లు పీల్చే సంచి 2,299. బూట్లు వాటర్‌ప్రూఫ్ అట. "మేలో వాన ఎక్కడిదిరా?" అంటే, "అది టాప్ మోడల్ అత్తా" అన్నాడు. బయటి నీళ్లు లోపలికి రానివ్వని బూటు లోపలి చెమటని కూడా సరిగ్గా బయటికి పోనివ్వదు. కాలు నాని, మెత్తబడి, ఆ చర్మమే రాసుకుని బొబ్బలెక్కుతుంది. పైగా సరిగ్గా పాదానికి సరిపోయే సైజే ఇచ్చాడా సేల్స్‌మన్. నడిచే కొద్దీ పాదం ఉబ్బుతుంది, ఒక సైజు పెద్దది కావాలని తెలియని మనిషి ఆ షాపులో ఎందుకున్నట్టు? సురుటుపల్లి చేరేసరికి పిల్లాడి రెండు మడమలూ పోయాయి. మిగతా దారంతా పెరంబూరులో నేను 1,150కి కొన్న పట్టీల చెప్పులు వాడు, వాడి నెలరోజుల పాత ఆఫీసు స్పోర్ట్స్ షూ నేను! అవి సంచిలో పడేసుకుని రావడమొక్కటే వాడు చేసిన మంచిపని. వాడి పాదమూ నా పాదమూ ఒకటే కొలత, అదో అదృష్టం. నీళ్ల సంచి గొట్టంలోంచి పది గంటలకి వచ్చే నీళ్లలో టీ పొడి వేస్తే చాలు, పొయ్యి అక్కర్లేదు. కర్రలు మాత్రం కుక్కల్ని అదిలించడానికి పనికొచ్చాయి. ఆ పనికి 40 రూపాయల వెదురుకర్ర చాలు.

మందుల సంచి చిన్నదే, కానీ నా దగ్గరే పెట్టుకున్నాను. మడమ దగ్గర చురుక్కుమన్న క్షణంలోనే ఆగి పేపర్ టేప్ (45 రూపాయలు) వెయ్యాలి. బొబ్బ లేచాక వేస్తే టేపుతో పాటు చర్మం వస్తుంది. తొడలు ఒరుసుకోకుండా కొబ్బరినూనె. ఓఆర్ఎస్ పొడి పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి ఒకటి, అంతకన్నా చిక్కగా కలపొద్దు. ఆ పేరు తగిలించుకున్న తియ్యటి డబ్బా డ్రింకులు వేరు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాటి మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. మెడికల్ షాపులో పొడి ప్యాకెట్ అనే అడగండి. మనతో నడిచే మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా మొక్కు సంగతి పక్కన పెట్టి నీడకి చేర్చి, ఒళ్లు తడుపుతూ 108కి ఫోన్ చెయ్యండి. రెండు రాష్ట్రాల్లోనూ అదే నంబరు. చీకట్లో నడకకి వెనక సంచి మీద రేడియం పట్టీ తప్పనిసరి. ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకి కుడివైపు నడవండి.

వదిన సంచి 11 కిలోలు. అందులో మూడు పట్టుచీరలు, గాజుసీసాలో ఆవకాయ. చీరలు తీయించగలిగాం. ఆవకాయ జోలికి ఎవరూ వెళ్లలేకపోయారు.

ఊత్తుకోట దగ్గర కృష్ణా నీళ్ల కాలువ దాటుతాం. 1983 ఒప్పందం ప్రకారం ఏటా 12 టీఎంసీలు చెన్నైకి రావాలి. 2019 వేసవిలో ట్యాంకరు కోసం రాత్రుళ్లు బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్లం, ఆ కాలువని చూస్తే ఊరికే దాటిపోలేం. కాసేపు నిలబడి చూశాం. తర్వాత సురుటుపల్లి. హాలాహలం మింగిన శివుడు అమ్మవారి ఒడిలో తలపెట్టి పడుకున్న గుడి. "ఆయనకి చెకౌట్ టైం లేదు" అన్నాడు మేనల్లుడు. వదిన అప్పుడు నవ్వింది, లాడ్జి తర్వాత మొదటిసారి.

నాగలాపురం కృష్ణదేవరాయల తల్లి నాగలాదేవి పేరున్న ఊరు, గుడిలో దేవుడు మత్స్యావతారం వేదనారాయణుడు. తీరిగ్గా చూడాల్సిన గుడి, మాకు కుదిరింది అరగంటే. ఎందుకంటే ఎండ ముదరకముందే పిచ్చాటూరు వైపు సాగాలి. అలా సాగినందుకే ఆ తిండి దొరికింది.

రోడ్డు పక్కన రేకుల షెడ్డు, బోర్డు లేదు. మొగుడూ పెళ్లాం నడుపుతున్నారు. రాగి సంకటి, చెనిక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి), మామిడికాయ పప్పు, పలచటి మజ్జిగ. మనిషికి 60 రూపాయలు, సంకటి రెండోసారి అడిగితే లెక్కలేదు. చెన్నైలో రాయలసీమ రుచులంటూ 350 తీసుకుని పెట్టే సంకటి గోధుమరంగు మైదాముద్దలా ఉంటుంది. ఇది చేత్తో తుంచుతుంటే వేళ్లకి అంటలేదు. ఊరిబిండిలో పచ్చి ఉల్లిపాయ నలిగీ నలగనట్టు తగులుతోంది. వదిన తన ఆవకాయ సీసా తీసి ఆ అమ్మకి ఓ గరిటెడు పెట్టింది. "కారం ఎక్కువేసినారు అక్కా" అంటూనే మళ్లీ అడిగింది ఆవిడ. ఇద్దరూ అరగంట ఆవపొడి పాళ్ల గురించి వాదించుకున్నారు. తర్వాత ఆయన మమ్మల్ని వెనక మామిడితోటలోకి తీసుకెళ్లి మోటారు షెడ్డు నీడ చూపించాడు. చాప పరిచి, దోమతెర కొమ్మకి కట్టి, తువ్వాళ్లు బోరునీళ్లలో ముంచి కప్పుకుని పడుకుంటే నాలుగున్నర దాకా ఎవరికీ మెలకువ రాలేదు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. వెళ్తూ రోడ్డు మీద ముంజలు అమ్ముతుంటే 50 రూపాయలవి కొని వాళ్ల పిల్లలకి ఇచ్చాం. 2,200 లాడ్జిలో రాని నిద్ర అది.

నారాయణవనం, పుత్తూరు సాఫీగా గడిచాయి. పుత్తూరులో ఎముకల కట్టు బోర్డులు చూసి, మడమలకి కూడా కడతారేమో అడగమని మావారు మేనల్లుడిని ఆటపట్టించారు. వాడికి నవ్వొచ్చే స్థితి లేదు.

అలిపిరి దగ్గర సామాను కౌంటర్‌లో ఇచ్చేస్తే టీటీడీ వాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారు. 3,550 మెట్లూ చేతులూపుకుంటూ ఎక్కొచ్చు. వదిన చెప్పుల్లేకుండా ఎక్కింది. సంచి ఇచ్చేముందు స్టీలు సీసా, టేపు, మందులు, డబ్బు బయటికి తీసుకోండి, అవి దారిలో కావాలి. కొండమీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం. దర్శనం టోకెన్ల నిబంధనలు తరచూ మారుతుంటాయి, బయల్దేరే ముందు టీటీడీ వెబ్‌సైట్ చూసుకోవడం మేలు. దర్శనానికి కట్టుకునే పంచె, ఉత్తరీయం, చీర విడిగా ఒక కవర్లో పెట్టి సంచిలో అన్నిటికన్నా పైన ఉంచండి. పైన సామాను తీసుకునేచోట, జనం మధ్య, 11 కిలోల సంచి బోర్లించి అడుగునున్న చీర వెతుక్కోవడం ఎలా ఉంటుందో మా వదినని అడగండి.