జంట పదాల జాబితానా, సొంత వాక్యాలా?

అఫెక్ట్, ఎఫెక్ట్. లెండ్, బారో. అమలాపురం, భీమవరం వైపు బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లల్లో చాలామందికి ఇంగ్లీషులో ఇలాంటి జంటల దగ్గరే టెన్షన్. జాబితా బట్టీ పట్టాలా, వాక్యాలు రాసుకుంటూ నేర్చుకోవాలా?

ఖర్చు: రెండింటికీ పెద్దగా లేదు.

శ్రమ: జాబితా ఒక్క సాయంత్రంలో చదివేయొచ్చు. వాక్యాలకు రోజూ కొంత సమయం పెట్టాలి, దిద్దేవాళ్లూ కావాలి.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. జాబితాలో పక్కపక్కనే చదివిన పదాలు పరీక్షలోనూ కలిసే గుర్తొస్తాయి, ఏది ఏదో తేలదు. అదే మన ఊరి సంగతులతో రాసుకోండి. వరద లంక గ్రామాలను అఫెక్ట్ చేస్తుంది; దాని ఎఫెక్ట్ కూరగాయల తోటల్లో కనిపిస్తుంది. మామూలుగా మొదటిది క్రియ, రెండోది నామవాచకం. సొసైటీ రైతుకు లెండ్ చేస్తుంది, రైతు సొసైటీ నుంచి బారో చేస్తాడు. కర్త ఇస్తున్నాడా, పుచ్చుకుంటున్నాడా చూస్తే చాలు. కాకపోతే తప్పు వాక్యాన్ని ఎవరూ దిద్దకపోతే అదే పాతుకుపోతుంది.

ప్రిన్సిపల్ లాంటి వాటికి మాత్రం జాబితాయే నయం. పలకడం ఒకటే, తేడా స్పెల్లింగులోనే. చివర 'పీ ఏ ఎల్' ఉంటే కాలేజీ ప్రిన్సిపల్, లేదా అప్పులో అసలు. 'పీ ఎల్ ఈ' ఉంటే సూత్రం, నియమం.

పరీక్ష వచ్చే వారమే అయితే జాబితా పట్టుకోండి. రెండు మూడు నెలలు చేతిలో ఉంటే, ఇంటర్వ్యూలో మాట్లాడాల్సి ఉంటే, వాక్యాలే రాయండి.