జోనీ మిచెల్ 'బ్లూ': ఏళ్ళ తరబడి విన్నాక

కెనడా గాయని జోనీ మిచెల్ తన పాటలు తనే రాసి పాడిన ఆల్బమ్ 'బ్లూ' 1971 జూన్‌లో వచ్చింది. పది పాటలు, అన్నీ కలిపి 36 నిమిషాలు. ఆమెకిది నాలుగో ఆల్బమ్. ఏళ్ళ తరబడి వింటున్నా నాకింకా మొహం మొత్తలేదు. సొంత గోడు పాటలుగా కట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు, కానీ ఆ పాటల్లో ఎక్కువ భాగం పదిసార్లు వినేసరికి పలచబడిపోతాయి. ఇది పలచబడకపోవడానికి నాకు కనిపించే కారణం ఒకటే. ఈమె బాధను పెద్దపెద్ద మాటలతో చెప్పదు, కంటికి కనిపించే చిన్న చిన్న సంగతులతో చెబుతుంది.

చివరి పాట 'ద లాస్ట్ టైమ్ ఐ సా రిచర్డ్' చూడండి. ప్రేమ మీద నమ్మకం పోయిందని వాదించిన రిచర్డ్ ఓ స్కేటింగ్ అమ్మాయిని పెళ్ళి చేసుకుని, ఆమెకో డిష్‌వాషర్, కాఫీ పెర్కొలేటర్ కొనిపెడతాడు. రాత్రయితే టీవీ పెట్టుకుని తాగుతూ కూర్చుంటాడు. ఆ రెండు సామాన్ల పేర్లతోనే ఆ మనిషి బతుకంతా తెలిసిపోతుంది.

వాయిద్యాల సంగతీ అంతే. చాలా పాటల్లో గొంతు, దానికి తోడు గిటారో పియానోనో. నాలుగు పాటల్లో డల్సిమర్ వాయించింది. ఒళ్ళో పెట్టుకుని మీటే వాయిద్యం అది. మొదటి పాట 'ఆల్ ఐ వాంట్' దానితోనే మొదలవుతుంది. మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే తీగలమీద చెయ్యి పడే తీరు కూడా తెలుస్తుంది. గాయకుడు జేమ్స్ టేలర్ మూడు పాటల్లో గిటార్ వాయించాడు గానీ, ఎక్కడా ఆమె గొంతుకు అడ్డం రాడు. ఆమె గిటార్ కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) ఎటు మలుపు తిరుగుతాయో ముందుగా పట్టుకోలేం. తొమ్మిదేళ్ళప్పుడు పోలియో వచ్చి ఎడమచెయ్యి బలహీనపడింది. మామూలు పట్లు కష్టమై, తీగల శృతులే తనకు వీలుగా మార్చుకుంది. ఆ వింత అందం అక్కడి నుంచే వచ్చింది.

'లిటిల్ గ్రీన్' దగ్గర మాత్రం నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. 1965లో, చేతిలో డబ్బులేని రోజుల్లో ఆమెకు కూతురు పుట్టింది. ఆ బిడ్డను దత్తతకు ఇచ్చేసింది. ఈ పాట ఆ బిడ్డ కోసమే. ఆల్బమ్ వచ్చిన రోజుల్లో ఆ విషయం శ్రోతలకు తెలియదు. పాటలో తల్లి కాగితాల మీద సంతకాలు పెడుతుంది, బాధపడుతుంది, సిగ్గు మాత్రం పడదు. ఎక్కడా ఏడుపుగొట్టు రాగం తీయదు, పసిపిల్లకు జోల పాడినట్టే పాడుతుంది. చివరికి 1997లో ఆ తల్లీకూతుళ్ళు కలుసుకున్నారు.

'రివర్' పియానోలో 'జింగిల్ బెల్స్' ట్యూనే ఉంటుంది, కాకపోతే దిగులుపడ్డట్టు వినిపిస్తుంది. కెనడా మంచులో పెరిగిన మనిషి, పండగపూట మంచు పడని చోట ఉండి, స్కేట్ చేసుకుంటూ పారిపోవడానికి గడ్డకట్టిన నది ఉంటే బాగుండును అనుకుంటుంది. 'దిస్ ఫ్లైట్ టునైట్'లో ఇంకో చిన్న ముచ్చట: విమానంలో హెడ్‌ఫోన్స్ పెట్టుకునే చోట పాట ఉన్నట్టుండి సన్నబడి, నిజంగానే వాటిలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది.

అన్నీ ఒకే స్థాయిలో లేవు. 'మై ఓల్డ్ మ్యాన్' నాకు మిగతావాటికన్నా ఒక మెట్టు కిందే. పైస్థాయిలో పలికే ఆ గొంతు కొందరికి మొదట్లో పదునుగా తగలొచ్చు, రెండు మూడు సార్లు విన్నాక అలవాటవుతుంది. షఫుల్‌లో మాత్రం వినకండి. 'లిటిల్ గ్రీన్' తర్వాత వెంటనే గ్రీస్‌లోని క్రీట్ దీవిలో గడిపిన రోజుల సరదాతో 'కేరీ' వస్తుంది, దాని వెనకాలే 'బ్లూ' పాట మళ్ళీ లోతుకు లాగేస్తుంది. ఆ మూడూ ఆ వరుసలో వింటేనే ఒకదాని బరువు ఇంకోదానికి తెలుస్తుంది.